నా మాత్రలు మింగిన మస్తానయ్య

మస్కట్‌లో మా గదిలో నలుగురం తెలుగువాళ్ళం. ఒకడిది గుంటూరు, ఒకడిది నిజామాబాదు, ఒకడిది అమలాపురం, నాది కావలి. సెలవు నుంచి తిరిగొచ్చినవాడు తన జిల్లా గొప్పలు వారం రోజులు చెప్పుకోవడం మా గదిలో ఆనవాయితీ. నా వంతు వచ్చేసరికి గుంటూరతను "నెల్లూరులో ఏముంది భాయ్, చేపల పులుసు తప్ప?" అని నా నోరు మూయించేవాడు. నిజం చెప్పొద్దూ, జవాబు నాకూ తెలియదు. పదో తరగతి కాగానే కావలిలో రైలెక్కి పోయినవాణ్ణి, నేనేం చూశాను గనక? అందుకని ఈసారి సెలవులో చివరి నాలుగు రోజులు మా జిల్లా తిరిగి రావాలనుకున్నాను. తిరిగాను కూడా. కాకపోతే నేను అనుకున్న చోట్లకి కాదు. నా నొప్పి మాత్రల సంచి ఎటు పోతే దాని వెంట అటు తిరిగాను.

ముందు ఆ మాత్రల సంగతి చెప్పాలి. నేను ఒక కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. ఆరేళ్ళ కిందట పేర్చిన పెట్టెలు కూలి నడుం మీద పడ్డాయి. అప్పట్నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇది తలనొప్పికి కొట్లో అడిగి కొనుక్కునే రకం మాత్ర కాదు. అక్కడా ఇక్కడా ప్రభుత్వాలు దీని మీద ఒక కన్నేసి ఉంచుతాయి. దేశం దాటాలంటే డాక్టరు చీటీ, అనుమతి కాగితం, మాత్రలు వాటి అసలు డబ్బాలోనే ఉండటం, డబ్బా మీద నా పేరు, ఈ నాలుగూ కలిసి ప్రయాణం చెయ్యాలి. ఒకటి తగ్గినా విమానాశ్రయంలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. పైగా ఉన్నట్టుండి మానకూడదు, మానితే ఒళ్ళు ఎదురుతిరుగుతుందని డాక్టరు ముందే చెప్పాడు. నాకు ఈ పద్ధతులంటే విసుగు లేదు. ఇంట్లో పంచదార డబ్బా మీద కూడా పంచదార అని కాగితం అంటించుకునే మనిషిని నేను.

కావలి

కావలిలో మా ఖైరూన్ అక్క ఉంది. పెద్దబజార్లో టైలరు షాపు నడుపుతుంది. నా పెట్టె విప్పగానే డబ్బా పట్టుకుని "ఇదేంది రా?" అంది. "బలం మాత్రలక్కా" అన్నాను.

ఆ అబద్ధం ఎందుకంటే, నడుం సంగతి అక్కకి ఈ ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే బజారంతా వచ్చి ఎందుకమ్మా అని అడుగుతుంది. తర్వాత ఉద్యోగం మానేసి రమ్మంటుంది. ఇంత తతంగం ఎందుకని బలం మాత్రలు చేశాను. ఫారిన్ మందు ఎండకి పాడవుతుందని అక్క దాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్జులో కోడిగుడ్ల వరసలో పెట్టింది.

శనివారం పొద్దున ఒక మాత్ర వేసుకుని బయల్దేరాను. తువ్వాలు తీసుకున్నాను, ఛార్జరు తీసుకున్నాను, అక్క కట్టిచ్చిన బిర్యానీ తీసుకున్నాను. కాగితాలన్నీ పాస్‌పోర్టుతో సహా భుజాన ఉన్న సంచిలోనే ఉన్నాయి. మాత్రలు మాత్రం గుడ్ల పక్కనే ఉండిపోయాయి.

నెల్లూరు

నెల్లూరులో నేను చేసిన మొదటి పని నెయ్యి కారం దోసె తినడం. అరవై రూపాయలు. మస్కట్‌లో ఆ డబ్బుకి దోసె వాసన కూడా రాదు. రెండోది కూడా చెప్పి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ తింటుంటే మాత్రలు గుర్తొచ్చాయి. అక్కకి ఫోన్ చేశాను.

"అంతేగదా, బస్సులో వేస్తా" అంది అక్క.

మా వైపు రానివాళ్ళకి ఇది చెప్పాలి. మా దగ్గర బస్సులు మనుషుల్ని మాత్రమే మోయవు. క్యారియర్లో కూర, కుట్టిన జాకెట్టు, పరీక్ష హాల్ టికెట్టు, మామిడికాయలు, మందులు, ఏదైనా డ్రైవరు చేతికిచ్చి, "ఫలానావాడు వచ్చి తీసుకుంటాడు" అని పేరు చెబితే చాలు. రసీదు లేదు, సంతకం లేదు. మస్కట్‌లో నేను ఒక బోల్టు బయటికి పంపాలన్నా మూడు సంతకాలు కావాలి. "ఆ మాత్రలు జాగ్రత్తక్కా" అన్నాను. "డబ్బా మీద నీ పేరుంది గదా రా, యాడికి పోతాది?" అంది.

బస్సు పది నిమిషాలు ముందొచ్చింది. మా జిల్లా చరిత్రలో అలా జరగడం నేను వినలేదు. పరుగెత్తి వెళ్ళి "మస్తాన్" అని నా పేరు చెప్పాను. డ్రైవరు నీలంరంగు సంచి ఒకటి నా చేతిలో పెట్టి బస్సు కదిలించాడు. విప్పి చూస్తే నా డబ్బా లేదు. బీపీ మాత్రల అట్టలు నాలుగున్నాయి. వాటితో ఒక జిరాక్సు చీటీ: మస్తానయ్య, అరవై మూడేళ్ళు, సంగం, బీపీ.

అక్క దగ్గర నంబరు తీసుకుని డ్రైవరుకి ఫోన్ కొట్టాను.

"ఇద్దరు మస్తాన్లకి రెండు నీలం సంచులన్నా" అన్నాడు ఏమాత్రం కంగారు లేకుండా. "ఇద్దరు మస్తాన్లూ వచ్చినారు, రెండు సంచులూ పోయినాయి. పేరడిగే ఇచ్చినా. ఇంకేం చెయ్యమంటావు, రక్తపరీక్ష చెయ్యమంటావా?"

అతన్ని అనడానికీ లేదు. కసుమూరు మస్తాన్ దర్గాలో మొక్కుకుని కన్న పిల్లలకి మా జిల్లాలో ఆ పేరే పెడతారు. సాయిబుల ఇళ్ళలోనూ పెడతారు, రెడ్ల ఇళ్ళలోనూ పెడతారు, అందరి ఇళ్ళలోనూ పెడతారు. మా పదో తరగతిలో ఐదుగురు మస్తాన్లం. హాజరు పిలిచేటప్పుడు మాస్టరు ఒకసారి పేరు చెప్పి ఐదు టిక్కులు పెట్టేవాడు. నా డబ్బా మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ అంత పకడ్బందీగా రాసిన పేరు నెల్లూరు జిల్లాలో అడుగుపెట్టగానే ఎందుకూ కొరగాకుండా పోయింది.

అక్కకి చెబితే "బలం మాత్రలే గదా, పోతే పోనీ, కావల్లో మంచివి కొనిస్తా" అంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఒక మందుల షాపుకి పోయి నా మస్కట్ చీటీ చూపించాను. షాపాయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "అరబ్బీ చీటీకి ఈ మందిస్తే నన్ను లోపలేస్తారు సార్. మన డాక్టరు రాయాల" అన్నాడు. అది న్యాయమే. ఆ వెంటనే నేను అడక్కుండానే ఏదో అట్ట తీసి, కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి, "ఇవి వేసుకోండి, నొప్పులకి అందరూ ఇవే" అని చేతిలో పెట్టాడు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు లేదు, తేదీ లేదు. అవి షాపులో మిగిలిన ముక్క మీద ఉండిపోయాయి. నేను స్టోర్‌కీపర్‌ని. దణ్ణం పెట్టి తిరిగిచ్చేశాను.

సంచిలో దొరికిన మస్తానయ్య చీటీ మీద నెల్లూరు డాక్టరు పేరుంది, ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఆదివారం. నా నొప్పి ఒక ఎత్తు. సంగంలో ఎవరో అరవై మూడేళ్ళ మనిషి తన బీపీ మాత్రలు మానేసి, నా మాత్రలు మింగబోతున్నాడు. ఆయనకేమన్నా అయితే డబ్బా మీద ఉన్నది నా పేరే.

సంగం

ఆదివారం పొద్దున్నే సంగం బస్సెక్కాను. దారి పొడుగునా నీళ్ళు పెట్టిన పొలాలు, నారుమళ్ళు. సంగంలో పెన్న మీద బ్యారేజీ ఉంది, చూడ్డానికి బాగుంటుందట. నేను దాన్ని చూడలేదు, వంగి నడుస్తూ రోడ్డునే చూశాను. రెండు పూటల మాత్రలు తప్పేసరికి నడుంలో మేకు దిగినట్టుంది. ముక్కు కారుతోంది, ఆవలింతలు ఆగడం లేదు.

టీ కొట్టు నడిపే అక్కని మస్తానయ్య ఇల్లెక్కడని అడిగాను.

"ఏ మస్తానయ్య? బోరు మస్తానయ్యా, కోళ్ళ మస్తానయ్యా, లేని మస్తానయ్యా?"

"బీపీ ఉన్న మస్తానయ్య."

"బీపీ లేని మస్తానయ్య ఎవురుండారు నాయనా ఈ ఊళ్ళో?"

ముందు కోళ్ళ మస్తానయ్య ఇంటికి పంపించింది. ఆయన నా సంచిలోని అట్టలు చూసి "నావి కావు, నావి తెల్లవి" అన్నాడు. అయినా కూర్చోబెట్టి, బొమ్మిడాయిల పులుసుతో అన్నం పెట్టేదాకా వదల్లేదు. నిన్నటి పులుసు. మా వైపు చేపల పులుసు వండిన రోజు తినరు, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తింటారు. అంత నొప్పిలోనూ రెండోసారి వడ్డించుకున్నానంటే దాని రుచి మీరే ఊహించుకోండి. వచ్చిన పని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "బోరు మస్తానయ్యకి షుగరు. అయితే నువ్వు లేని మస్తానయ్య కాడికి పోవాల" అన్నాడు.

"ఆయన్ని లేని మస్తానయ్య అని ఎందుకంటారు?"

"ఎప్పుడు పోయినా ఇంట్లో ఉండడు. పొలం కాడే ఉంటాడు."

పోయాను. లేడు. ఆయన భార్య పెంచలమ్మ బర్రెకి మేత వేస్తోంది. సంచి మాట ఎత్తగానే నన్ను మందుల కంపెనీ మనిషి అనుకుంది.

"భలే మాత్రలు నాయనా ఈసారి పంపించింది! నెలనెలా కావల్లో మందుల షాపులో పనిచేసే మా తమ్ముడు బస్సులో వేస్తాడు, ఇంత మంచివి ఎప్పుడూ పంపలా. మొన్నటిదాకా మోకాలు పట్టుకోని, గోడ పట్టుకోని లేచేవోడు. ఈ పొద్దు చేతులూపుకుంటా లేచినాడు. నాతో నవ్వుతా మాట్లాడినాడు. నాకే బయమేసింది."

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"ముత్తుకూరు పోయినాడు, కూతురింటికి. అయిదేండ్ల నుంచి రమ్మంటా ఉంటే మోకాలని పోలా. సముద్రం చూసొస్తానని మాత్రలు చంకనబెట్టుకోని పోయినాడు."

"ఫోనుందా ఆయన దగ్గర?"

"ఉండాది" అని గూట్లో ఛార్జింగు పెట్టిన ఫోను చూపించింది.

అప్పుడు మొత్తం విప్పి చెప్పాను. అవి బీపీవి కావని, నా నొప్పి మాత్రలని, ఎక్కువ మింగితే ప్రమాదమని. పెంచలమ్మ చేతిలో గడ్డి కింద పడేసింది. వెంటనే కూతురికి ఫోన్ కలిపి, నాకు కూడా వినబడేట్టు స్పీకరు పెట్టింది. ఆ అమ్మాయి పేరు సుజాత. నాన్న వచ్చాడని, అన్నం తిని, ఇప్పుడే ఒక మాత్ర వేసుకుని పడుకున్నాడని చెప్పింది.

నేను ఆగలేకపోయాను. "అమ్మా, ఆ మాత్రలు నావి! డబ్బా మీద పేరు చూడండి, మస్తాన్ అని ఉంటుంది! ఇంకొకటి వేసుకోనివ్వకండి!"

సుజాత గొంతు తగ్గించి, "అమ్మా, వాడు నీ పక్కనే ఉండాడా? మా నాన్న పేరు చెప్పి, మాత్రలు నావంటా ఉండాడు చూడు. వాళ్ళు అట్నే చేస్తారు, ముందు పేరు చెప్తారు, తర్వాత ఓటీపీ అడుగుతారు. నువ్వు తలుపేసుకో" అంది.

వెనకనుంచి మస్తానయ్య గొంతు నిద్రమత్తుగా వినబడింది. "బీపీ మాత్ర ఒక్క పూట కూడా ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆపమనేవోడు ఎవుడు?"

ఫోన్ కట్టయింది. పెంచలమ్మ నన్ను కిందనుంచి మీదకి చూసింది. నా ముక్కు కారుతోంది, ఒళ్ళంతా చెమట. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాదు. మెల్లగా లోపలికి పోయి గడియ పెట్టుకుంది. మళ్ళీ తలుపు వెనకనుంచి, "ఎండన పడి వచ్చినావు, బిందె కాడ మజ్జిగుండాది. తాగేసి పో నాయనా" అంది.

మజ్జిగ తాగి వచ్చేశాను.

ముత్తుకూరు

సోమవారం పొద్దున నాలుగు పూటలు తప్పిన ఒంటితో ముత్తుకూరు ఆటో ఎక్కాను. ఆ రోడ్డంతా రేవు లారీలు. బొగ్గు పొడి గాల్లోనే ఉంటుంది, తెల్లచొక్కా వేసుకున్నవాడు సాయంత్రానికి వేరే చొక్కాలో ఉంటాడు. కరెంటు ప్లాంటు దగ్గర సుజాత తోపుడుబండి మీద టిఫిన్లు అమ్ముతుందని సంగంలో టీ కొట్టు అక్క చెప్పింది. మస్తాన్లని వెతకడం కష్టంగానీ టిఫిన్ బండిని వెతకడం తేలిక.

నన్ను చూడగానే అట్లకాడ ఎత్తింది. "పోలీసులకి ఫోన్ చేస్తా!"

నేను ముందు వాళ్ళ నాన్న బీపీ మాత్రలు, జిరాక్సు చీటీ బండి మీద పెట్టాను. పక్కన నా పాస్‌పోర్టు, అరబ్బీ చీటీ, అనుమతి కాగితం వరసగా పెట్టాను. ఆ అమ్మాయి అన్నీ చదివింది. అట్లకాడ దించింది.

"అయ్యో అన్నా. అంటే మా నాన్న మూడు రోజులుగా బీపీ మాత్రే వేసుకోలేదా?"

"లేదు. నావి వేసుకుంటున్నాడు."

"పొద్దున కూడా ఒకటేసుకోని కృష్ణపట్నం వైపు సముద్రం కాడికి పోయినాడు. పెనం కాడ నుంచి నేను కదల్లేను, ఈ షిఫ్టోళ్ళు తిని పోగానే వస్తా. నువ్వు పో అన్నా, బిరీన పో!" అంటూ ఆటోని పిలిచి, నా చేతిలో రెండు ఇడ్లీలు పొట్లం కట్టి పెట్టింది. తప్పుచేసినవాళ్ళూ అనుమానించినవాళ్ళూ అందరూ ముందు తిండి పెట్టడం మా జిల్లా అలవాటని నాకప్పటికి అర్థమైంది.

ఇసుక

సముద్రపొడ్డున నీళ్ళ అంచునే ఒక ముసలాయన పోతున్నాడు. పంచె ఎగ్గట్టాడు, భుజాన కండువా, చేతిలో నీలంరంగు సంచి. అలలు కాళ్ళకి తగిలినప్పుడల్లా చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాడు.

"మస్తానయ్యా!" అని కేకేశాను.

దగ్గర్లో వల బాగుచేసుకుంటున్న వాళ్ళలో ఒకతను "ఏందన్నా?" అని లేచాడు. నువ్వు కాదు బాబూ అన్నాను. ఈలోపు ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. వంగిపోయి, చెమటలు కారుతూ, చేతులు ఊపుతూ తన మీదకి వస్తున్న కొత్త మనిషిని చూసి, నిన్న ఫోన్‌లో మాట్లాడిన దొంగ ఇంతదూరం వచ్చాడని ఆయనకి తెలిసిపోయింది. సంచి గుండెకి హత్తుకుని పరుగు తీశాడు.

నేనూ పరుగు తీశాను. ఆయనకి అరవై మూడు, నాకు నలభై నాలుగు. అయినా అందుకోలేకపోయాను. ఆయన నా మాత్ర వేసుకున్నాడు మరి, నేను వేసుకోలేదు. ఎనిమిదేళ్ళుగా గోడ పట్టుకుని లేచే మనిషి ఇసుకలో లేడిపిల్లలా పోతుంటే, నేను అడుగడుక్కీ "అమ్మా" అంటూ ఆయన వెనక దేకాను. "ఆగు, అవి నా మాత్రలు!" అని నేనూ, "దొంగ, దొంగ!" అని ఆయనా. వలవాళ్ళు న్యాయం ఆలోచించారు. ముసలాణ్ణి తరిమేవాడే దొంగ అయ్యుంటాడని ఇద్దరొచ్చి నన్ను పట్టుకున్నారు. ఆ పట్టుకోవడంలో నడుం మెలిపడింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఇసుకలో కూలబడిపోయాను. సిగ్గెందుకు, పెద్దగా ఏడ్చాను.

ఎంతసేపటికో తలెత్తితే మస్తానయ్య ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా మొహం చూడటం లేదు. నడుం మీద నేను అదిమి పెట్టుకున్న చెయ్యి చూస్తున్నాడు.

"వదలండయ్యా" అన్నాడు వలవాళ్ళతో. "దొంగకి చెయ్యి అట్నా పోదు."

నా పక్కన కూర్చున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి సామీ?"

"ఆరేళ్ళు."

"నాకు ఎనిమిది" అని మోకాలు చూపించాడు. తర్వాత సంచి విప్పి, నా డబ్బా తీసి, అందులోంచి ఒక మాత్ర తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇది వేసుకో. పేరుకి బీపీ మాత్రే గానీ, నొప్పికి బ్రమ్మాండంగా పనిచేస్తాది. ఎవురికీ ఇయ్యలా, నీకు ఇస్తా ఉండా."

నా మాత్ర నాకే దానం చేశాడు. మింగేశాను. వలవాళ్ళలో మస్తాన్ నీళ్ళు తెచ్చిచ్చాడు. నొప్పి తగ్గేదాకా ముగ్గురం సుజాత కట్టిచ్చిన ఆ రెండు ఇడ్లీలూ పంచుకుని తిన్నాం. అప్పుడు నెమ్మదిగా అంతా చెప్పాను. కాగితాలు చూపించాను. మస్తానయ్య డబ్బాని చాలాసేపు చేతిలో తిప్పాడు.

"పక్కింటి పిల్లని చదవమంటే మస్తాన్ అని చదివినాది" అన్నాడు. "తప్పు చదవలా."

పన్నెండు ఉండాల్సిన చోట ఆరున్నాయి. నేనొకటి, ఆయన ఐదు.

మళ్ళీ నెల్లూరు

దారిలో సుజాతకి చెప్పి, మధ్యాహ్నానికి ఇద్దరం మస్తానయ్య చీటీ మీదున్న డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. మస్తానయ్యకి బీపీ బాగా పెరిగి ఉంది. ఆవిడ ముందు ఆయన్ని తిట్టింది, తర్వాత నన్ను తిట్టింది, బస్సు డ్రైవరుకి ఫోన్ చేయించి అతన్నీ తిట్టింది. "ఈ మందు ఈ వయసులో అడ్డదిడ్డంగా మింగితే కళ్ళు తిరిగి ఆ అలల్లోనే పడిపోయుండేవాడు, ఊపిరి కూడా ఆగిపోతుంది. మీ ఇద్దరి అదృష్టం బాగుంది" అంది. అంతా విన్నాక మోకాలు చూసింది. చూస్తూ చూస్తూ ఆగింది.

"ఎనిమిదేళ్ళ నుంచి నెలనెలా వస్తున్నావు నా దగ్గరికి. ఒక్కసారి చెప్పలేదే?"

"మీరు బీపీ అడిగినారు, బీపీ చెప్పినా తల్లీ. మోకాలు అడగలా."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వు చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది?"

"డాక్టరు కాడికి జబ్బు చెప్పేకి వస్తారు గానీ నొప్పి చెప్పేకి వస్తారా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఎక్స్‌రేకి రాసింది. ఎముకల డాక్టరు పేరు రాసింది. నా మందు ఆయనకి కుదరదని, మోకాలికి వేరే దారులున్నాయని, అవి నిదానంగా పనిచేస్తాయని చెప్పింది. ఆ తర్వాత, విమానాశ్రయంలో లెక్క అడిగితే చూపించడానికి నాకొక ఉత్తరం కావాలన్నాను. "ఈ మస్తాన్ గారి మాత్రల్లో ఐదు, ఈయనకి తెలియకుండా, మస్తానయ్య అనే వేరే వ్యక్తి బీపీ మాత్రలనుకుని మింగారు" అని టైపు చేసి, చదువుకుని, కొట్టేసి, మళ్ళీ టైపు చేసింది. మూడుసార్లు రాసినా ఇద్దరం కలిసి చేసిన మోసంలాగే ఉంది. చివరికి విసిగిపోయి మూడోదాని మీద సంతకం పెట్టి, ముద్ర రెండుసార్లు గుద్దింది.

అక్కడి వరండాలోంచే అక్కకి ఫోన్ చేసి నడుం సంగతి చెప్పాను. ఏడవలేదు. "ఆరేండ్లు దాచిపెట్టి, నాకు బలం మాత్రలని చెప్తావా" అని మాత్రం అంది. ఆ మాటకి నాకే ఏడుపొచ్చింది.

మస్తానయ్యని సంగం బస్సెక్కించడానికి వెళ్ళాను. మాత్ర ప్రభావం ఆయనలో దిగిపోతోంది. ఆసుపత్రి నుంచి బస్టాండుకి ఉన్న కొద్ది దూరంలో మూడుచోట్ల ఆగాడు. మూడోచోట నా సంచి వైపు చూసి, "ఒక్కటియ్యి సామీ. నాట్లు ముందరుండాయి. ఒక్కటే" అన్నాడు.

ఇవ్వలేదు. ఇవ్వకూడదు. డాక్టరమ్మ చెప్పిందంతా మళ్ళీ చెప్పాను, చట్టం చెప్పాను, ప్రాణం మీదకొస్తుందని చెప్పాను. అన్నిటికీ తలూపాడు. నేను చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటి లేదు, అయినా చెబుతున్నంతసేపూ నాకు నేనే పిసినారిలా కనిపించాను.

బస్సొచ్చింది. మెట్టు దగ్గర ఆగి నా భుజం పట్టుకున్నాడు.

"నీ మీద కోపం లేదు సామీ. ఎనిమిదేండ్లు ఇది నొప్పనుకోలా నేను. వయసొచ్చినాది, మోకాలు ఇట్నే ఉంటాదిలే అనుకున్నా. అట్నే తిరిగినా, అట్నే పని చేసినా. ఈ మూడు రోజులు అది లేకుండా నడిచినా. సముద్రం కాడ పరిగెత్తినా గూడా. ఇప్పుడు మళ్ళా వచ్చినాది. ఇప్పుడు తెలస్తా ఉండాది, ఇది నొప్పని. ఇంక దీన్ని ఎట్నా మొయ్యాల?"

మోకాలి కింద చెయ్యి వేసి మెట్టెక్కించాను. కిటికీ పక్కన కూర్చుని, కాలు చాపుకోవడానికి చోటు లేక ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు.

మంగళవారం సాయంత్రం చెన్నైలో విమానం ఎక్కాను. కాగితాలు చూశారు, ఉత్తరం చదివారు, నన్నొకసారి ఎగాదిగా చూసి వదిలేశారు. విమానం లేచాక మాత్ర వేళయింది. డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను గానీ మింగబుద్ధి కాలేదు. పక్క సీటాయన నీళ్ళకోసం ఆగాననుకుని తన సీసా ఇచ్చాడు. మింగాను. ముప్పావుగంటలో నొప్పి పోయింది. సంగంలో మస్తానయ్య నాట్లు ఆ వారమే.